చలి దేశాల్లో కూడా డెంగ్యూనా? మన దోమ అక్కడిదాకా ఎలా చేరింది?

బ్రాడీపేట_కుర్రాడు
అందరికీ నమస్కారం. మా అక్కావాళ్ళు దక్షిణ ఫ్రాన్స్‌లో, నీస్ దగ్గర ఉంటారు. మొన్న ఫోన్‌లో "పక్క వీధిలో ఎవరికో డెంగ్యూ అట, రాత్రి మున్సిపాలిటీ వాళ్ళొచ్చి మందు కొట్టి వెళ్ళారు" అంది. గుంటూరులో పుట్టి పెరిగిన మనిషి ఫ్రాన్స్ వెళ్ళి డెంగ్యూకి భయపడటమేంటని ఇంట్లో అందరం నవ్వుకున్నాం. తీరా వెతికితే 2010లోనే నీస్‌లో, బయట దేశం వెళ్ళని వాళ్ళకి కూడా డెంగ్యూ సోకిందని ఉంది. మంచు కురిసే చోట ఈ దోమ ఎలా బతుకుతోంది? ఎవరు మోసుకెళ్ళారు? మా నాన్నగారు "ఎండలు పెరిగాయి, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు అది సరిపోలేదు.

పటమట_పిల్లోడు
మనవాళ్ళు ఎక్కడికెళ్తే మన దోమలూ అక్కడికే. వాటికి వీసా కూడా అక్కర్లేదు.

దోమల_మాస్టారు
బాబూ, నేను మలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇళ్ళల్లో డ్రమ్ములు, తొట్లు, కూలర్లు వంగి చూడటమే నా ఉద్యోగం. ముందు ఒకటి తేల్చుకుందాం. డెంగ్యూ, చికున్‌గున్యా, జికా మోసే దోమలు ప్రధానంగా రెండు రకాలు. మన ఇళ్ళల్లో మంచాల కింద, కర్టెన్ల వెనక దాక్కునేది ఏడిస్ ఈజిప్టి. దీనికి చలి పడదు. పెరట్లో, మొక్కల మధ్య తిరిగే రెండోది ఏడిస్ ఆల్బోపిక్టస్, దీన్నే టైగర్ దోమ అంటున్నారు. రెండింటికీ కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి, రెండూ పగలే కుడతాయి. మీ అక్కగారి ఊళ్ళో ఉన్నది రెండోది.

ఈ టైగర్ దోమ పుట్టిల్లు ఆసియానే. చలి దేశాల్లో ఉన్న రకం చలికాలం ముందు పెట్టే గుడ్లు పొదగవు, వసంతం దాకా నిద్రపోయినట్టు ఉండిపోతాయి. తల్లి దోమ చలికి చచ్చినా గుడ్డు చావదు. అదీ మంచు దేశంలో బతికే రహస్యం.

ఇక ఎలా వెళ్ళిందంటే, ఎగిరి మాత్రం వెళ్ళలేదు. ఈ దోమలు పుట్టిన చోటు నుంచి మహా అయితే నాలుగైదు వందల మీటర్లు తిరుగుతాయి. వెళ్ళింది పాత టైర్లలో. యూరప్‌లో మొదట 1979లో అల్బేనియాలో కనిపించింది. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో తిష్ఠ వేసింది, అది జపాన్ వైపు నుంచి దిగుమతైన పాత టైర్లతో వచ్చిందని తేల్చారు. 1990లో ఇటలీలోని జెనోవా రేవులో బయటపడింది. అక్కడి నుంచి ఫ్రాన్స్ ఎంత దూరం? దోమ కారెక్కినా వెళ్తుంది.

టైర్ల_కొట్టు_ఆటోనగర్
మాస్టారూ, ఏ రోగం వచ్చినా చివరికి మా టైర్ల మీదకే తెస్తారు. ఆటోనగర్‌లో నాది సెకండ్ హ్యాండ్ టైర్ల వ్యాపారం. వానాకాలం వస్తే చాలు, ఎవరో ఒకరొచ్చి ఫొటో తీసుకుని వెళ్తారు. కొబ్బరి చిప్పల్లో నీళ్ళుండవా? అపార్ట్‌మెంట్ల మీద పగిలిన సింకులుండవా? టైరే ఎందుకు?

దోమల_మాస్టారు
మీమీద కోపం కాదండీ. టైరుని ఎటు తిప్పి పెట్టినా లోపలి గుంటలో కాసిన్ని నీళ్ళు నిలుస్తాయి. లోపల నల్లగా, చీకటిగా, నీడగా ఉంటుంది, ఆకులూ దుమ్మూ పడి లార్వాకి, అంటే నీళ్ళలో పెరిగే దోమ పిల్లకి, తిండి దొరుకుతుంది. పైగా ఈ దోమ గుడ్లు నీళ్ళలో పెట్టదు, నీటి అంచుకి కాస్త పైన గోడకి అంటిస్తుంది. నీళ్ళు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. కొబ్బరి చిప్పని ఎవరూ ఓడెక్కించి వేరే దేశానికి పంపరు కదా? టైరుని పంపుతారు. దిగాక ఒక్క వాన పడితే చాలు. తేడా అక్కడుంది.

ఈజిప్టి కథ ఇంకా పాతది. అది ఆఫ్రికా దోమ. బానిసల్ని తరలించిన ఓడల్లో మంచినీళ్ళ పీపాలుండేవి, వాటిలో అమెరికా ఖండాలకి చేరింది. ఎల్లో ఫీవర్ అనే వైరస్ జ్వరం కూడా దాంతోనే వెళ్ళింది.

గుంటూరు_ల్యాబ్
మాస్టారు గారు దోమ సంగతి చెప్పారు, నేను వైరస్ సంగతి చెబుతాను. దోమ సరుకుతో వెళ్తుంది. వైరస్ మనిషి రక్తంలో, విమానంలో వెళ్తుంది. రెండూ ఒకే ఊళ్ళో కలిస్తేనే జబ్బు.

దీనికి చదవాల్సిన ఉదాహరణ ఇటలీలోని కస్తిలియోనే ది చెర్వియా అనే చిన్న ఊరు. 2007 వేసవిలో కేరళ నుంచి ఒకాయన చుట్టాల్ని చూడటానికి ఆ ఊరు వెళ్ళాడు. ఒంట్లో చికున్‌గున్యా వైరస్ ఉంది. టైగర్ దోమలు అప్పటికే అక్కడ ఉన్నాయి. సెప్టెంబరు అయ్యేసరికి చుట్టుపక్కల 200 మందికి పైగా కీళ్ళు పట్టేసి మంచమెక్కారు. వాళ్ళలో ఎక్కువమంది ఆసియా ముఖం చూసినవాళ్ళు కాదు. చల్లటి వాతావరణం ఉన్న యూరప్‌లో ఈ జబ్బు స్థానికంగా చెలరేగడం అదే మొదటిసారి.

ఆయనకి అది ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. ఈ వైరస్‌ని మొదట 1952లో టాంజానియాలో గుర్తించారు. 2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో జనాభాలో దాదాపు మూడోవంతు మందికి సోకింది. ఆ దీవిలో ఈజిప్టి దాదాపు లేదు, టైగర్ దోమే ఎక్కువ. అక్కడే వైరస్ పైపొర ప్రోటీన్‌లో ఒక్క చిన్న మార్పు వచ్చింది, దాంతో టైగర్ దోమ ఒంట్లో బాగా పెరగడం మొదలుపెట్టింది. అదే మార్పు తర్వాత కేరళలోనూ, ఇటలీలోనూ దొరికిన వైరస్‌లో కూడా కనిపించింది. 2005 చివర్లో మన దేశంలో చికున్‌గున్యా మళ్ళీ మొదలైంది కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు.

కాబట్టి "మన దోమ వాళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళింది" అన్నది సగం ప్రశ్నే తమ్ముడూ.

సింగ్‌నగర్_లక్ష్మి
ఆ 2006 సంవత్సరం నాకు బాగా గుర్తు. మా అత్తగారు గోడ పట్టుకుని నడిచేవారు, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. వీధిలో ఇంటికొకరు అలాగే ఉండేవారు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది గానీ నొప్పులు మాత్రం నెలల పాటు వదల్లేదు.

నాదో సందేహం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్‌నగర్ అంతా మురుగు నీళ్ళలోనే ఉంది. ఆ నీళ్ళ వల్ల డెంగ్యూ వస్తుందని అందరం వణికిపోయాం. కానీ నీళ్ళున్నన్నాళ్ళు కాదు, అవి పోయి ఇళ్ళు కడుక్కున్న తర్వాతే మా వైపు జ్వరాలు ఎక్కువైనట్టు అనిపించింది. ఎందుకలా?

దోమల_మాస్టారు
అమ్మా, మీరు గమనించింది సరైన విషయం. పారే వరదకి లార్వా కొట్టుకుపోతుంది. నిలిచిన మురుగులో పుట్టేది క్యూలెక్స్ దోమ, అది రాత్రి చెవి దగ్గర గీపెట్టేది. దానితో మన వైపు భయం బోదకాలు, అది వైరస్ కాదు, సన్నటి పురుగు. డెంగ్యూ దోమకి కావాల్సింది మన ఇంట్లోని కాస్త తేట నీళ్ళు.

వరద పోయాక ఏం చేశాం? ట్యాంకర్ నీళ్ళ కోసం ఉన్న డ్రమ్ములు, బిందెలు, బకెట్లన్నీ నింపి పెట్టుకున్నాం. పాడైపోయిన ఫ్రిజ్‌లు, కూలర్లు, ప్లాస్టిక్ సామాన్లు వీధిలో పడేశాం, వాటిలో వాన నీళ్ళు నిలిచాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. ఆ దోమ రోగిని కుట్టి, దాని ఒంట్లో వైరస్ పండటానికి ఇంకో వారం పైనే పడుతుంది. లెక్క వేసుకుంటే మీకే తెలుస్తుంది.

కృష్ణలంక_కిట్టు
ఇవన్నీ సరే, ఫాగింగ్ ఎందుకు చెయ్యరు సార్? మా సందులోకి ఆ బండి వచ్చి ఎన్నాళ్ళయిందో. వీఐపీ వస్తే మాత్రం రోడ్డంతా పొగే. పన్నులు కట్టేది మేము, పొగ వాళ్ళకి.

గుంటూరు_ల్యాబ్
కిట్టూ, ఆ పొగ గాల్లో ఎగిరే దోమల్ని మాత్రమే చంపుతుంది, లార్వాని ముట్టుకోదు. అది మీ బీరువా వెనక్కి చేరాలంటే తలుపులన్నీ తీసి ఉంచాలి. బండి శబ్దం వినగానే మనం చేసే మొదటి పని తలుపులు మూసుకోవడం. ఒకేచోట కేసులు గుంపుగా వచ్చినప్పుడు వైరస్ ఉన్న దోమల్ని వెంటనే తగ్గించడానికి పనికొస్తుంది. మీ అక్కగారి ఊళ్ళో చేసింది అదే, కుర్రాడూ.

దోమల_మాస్టారు
నేనింకో మాట చెబుతాను, కిట్టు గారి కోపంలో కూడా న్యాయం ఉంది. దోమల్ని తగ్గించడం అసాధ్యమేమీ కాదు. అమెరికా ఖండాల్లో ఇల్లిల్లూ తిరిగి, తొట్లు తనిఖీ చేసి, డీడీటీ అనే పురుగుమందు కొట్టి 1962 నాటికి 18 దేశాల నుంచి ఏడిస్ ఈజిప్టిని తుడిచిపెట్టేశారు. తర్వాత "ఇంక లేదుగా" అని డబ్బులు ఆపేశారు, మనుషుల్ని తగ్గించేశారు. కొన్నేళ్ళకే దోమ తిరిగొచ్చింది, దాని వెనకే డెంగ్యూ కూడా. మా విభాగంలో కూడా ఖాళీ అయిన పోస్టు ఖాళీగానే ఉండిపోవడం కళ్ళారా చూశాను. పొగబండి అందరికీ కనిపిస్తుంది, తొట్టిలోకి వంగి చూసే మనిషి ఎవరికీ కనిపించడు. అందుకే ఏటా పొగ మీదే మాట్లాడుకుంటాం.

తాడేపల్లి_టెకీ
కుర్రాడి నాన్నగారి మాటని అంత తేలిగ్గా తీసెయ్యకండి. వేడికి దోమ త్వరగా పెరుగుతుంది, దాని ఒంట్లో వైరస్ కూడా త్వరగా తయారవుతుంది. కానీ వేడి ఎంత పెరిగితే అంత జబ్బు అనుకుంటే తప్పు. డెంగ్యూకి అనుకూలమైన వేడి దాదాపు 29 డిగ్రీల దగ్గర ఉంటుంది, 35 దాటితే దోమ ఆయుష్షే తగ్గిపోతుంది. రోహిణి కార్తెలో బెజవాడ 45 డిగ్రీల్లో మనమే బతకలేం, దోమేం బతుకుతుంది? మనకి సీజన్ వానలు పడి చల్లబడ్డాకే. యూరప్‌లో అలా కాదు, అక్కడ వేసవి ఇప్పుడు దోమకి నచ్చే స్థాయికి వస్తోంది. అంటే ఒకే వేడెక్కడం ఒకచోట దోమకి లాభం, ఇంకోచోట మే నెలలో నష్టం.

అంకెలు కూడా చూడండి. 1970కి ముందు తీవ్రమైన డెంగ్యూ చెలరేగింది 9 దేశాల్లోనే. ఇప్పుడు 100కి పైగా దేశాల్లో ఇది ఏటా ఉండే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి 2023లో అందిన కేసులు 65 లక్షలు, 2024లో 1.4 కోట్లు దాటాయి, అందులో సగానికి పైగా ఒక్క బ్రెజిల్‌వే. బంగ్లాదేశ్‌లో 2023లో 1,705 మంది చనిపోయారు. ఇదంతా ఎండల వల్లే అంటే నేనొప్పుకోను. ఊళ్ళు పెరిగాయి, కుళాయి నీళ్ళు సరిగా రావు, జనం నీళ్ళు పట్టి దాచుకుంటారు, విమానాలు పెరిగాయి. ఎండ వీటన్నిటికీ తోడైంది.

పటమట_పిల్లోడు
ఇదంతా ఎందుకండీ, దోమల్ని ల్యాబ్‌లో తయారుచేసి వదులుతున్నారని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఇండోనేషియాలో డబ్బాల్లో తెచ్చి వదిలారట. వ్యాక్సిన్ అమ్ముకోవడానికే ఇదంతా.

గుంటూరు_ల్యాబ్
డబ్బాల్లో పెట్టిన మాట నిజం, మిగతాది అబద్ధం. అవి వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమలు. ఈ బ్యాక్టీరియా చాలా కీటకాల్లో సహజంగానే ఉంటుంది, ఈజిప్టి దోమలో మాత్రం ఉండదు. దాన్ని ఎక్కిస్తే దోమ ఒంట్లో డెంగ్యూ వైరస్ సరిగా పెరగదు, తల్లి దోమ నుంచి పిల్లలకీ వస్తుంది. జన్యుమార్పిడి కాదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ఊరిని భాగాలుగా విడగొట్టి కొన్నిచోట్ల ఇవి వదిలారు, కొన్నిచోట్ల వదల్లేదు. వదిలిన చోట డెంగ్యూ 77 శాతం తక్కువ. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. మన పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ కూడా ఇలాంటి దోమల్ని తయారుచేసి పెట్టుకుంది.

నీ ఫార్వర్డ్‌లో లాజిక్ కూడా తేడాగానే ఉంది. డెంగ్యూ తగ్గించే దోమల్ని వదిలితే వ్యాక్సిన్ ఎవరు కొంటారు?

పటమట_పిల్లోడు
సరే సరే. గ్రూపులో పెడతాను, ఎవరూ చదవరనుకోండి.

మిర్చియార్డ్_మావయ్య
మా ఊళ్ళో ఎవరికి డెంగ్యూ వచ్చినా బొప్పాయి ఆకు రసం పోస్తే మూడు రోజుల్లో ప్లేట్‌లెట్స్ లేస్తాయి. పోయినేడు మా బావమరిదికి 40 వేలకి పడితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు బాటిళ్ళు ఎక్కించి దండిగా బిల్లు వేశారు. దానికన్నా ఆకే నయం.

నర్స్_అక్క_గుంటూరు
మావయ్య గారూ, బిల్లు విషయంలో మీ బాధ అర్థమైంది. రక్తస్రావం లేకుండా 40 వేలుంటే సాధారణంగా ఎక్కించాల్సిన పనే ఉండదు. 10 వేల కంటే దిగితేనో, రక్తం పోతుంటేనో ఆలోచిస్తారు. మూడు రోజుల్లో లేవడం మాత్రం ఆకు గొప్ప కాదు, జబ్బు తిరుగుముఖం పడితే ప్లేట్‌లెట్స్ వాటంతట అవే లేస్తాయి. వాంతులవుతున్న మనిషికి ఆ చేదు బలవంతంగా పోస్తే ఇంకా నీరసిస్తాడు.

అందరూ ప్లేట్‌లెట్స్ అంకె చూసి టెన్షన్ పడతారు. ప్రాణం మీదకి తెచ్చేది చాలాసార్లు అది కాదు. రక్తనాళాల్లోంచి నీరు బయటకి కారిపోయి బీపీ పడిపోవడం. అది ఎప్పుడు జరుగుతుందో తెలుసా? జ్వరం తగ్గే రోజుల్లో, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. "జ్వరం తగ్గిందమ్మా, ఇంటికెళ్తాం" అని పట్టుబట్టేది సరిగ్గా అప్పుడే. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మత్తుగా ఉండటం, చేతులు చల్లబడటం, ఒంటేలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఏదీ వద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ ఇంజెక్షన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని వచ్చేవాళ్ళని చూస్తే గుండె గుభేలుమంటుంది.

సింగ్‌నగర్_లక్ష్మి
నర్సమ్మ గారూ, మా పెద్దాడికి ఒకసారి వచ్చి తగ్గింది. ఇంక రాదు కదా?

నర్స్_అక్క_గుంటూరు
అమ్మా, డెంగ్యూ వైరస్ నాలుగు రకాలు. వచ్చిన రకం మళ్ళీ రాదు, మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం సోకితే జబ్బు తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఈసారి జ్వరం వస్తే "ఒకసారి వచ్చేసిందిగా" అని వదిలెయ్యొద్దని చెబుతున్నాను. మొదటి ఐదు రోజుల్లో అయితే రక్తంలో వైరస్ ప్రోటీన్‌ని పట్టే ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత యాంటీబాడీలు చూసే ఐజీఎం పరీక్ష చేయించండి.

విమానం_ఎక్కేవాడు
నేను ఉద్యోగం మీద అంగోలా వెళ్తున్నాను. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు కార్డు పట్టుకెళ్ళమన్నారు. వైజాగ్ వెళ్ళి వేయించుకొచ్చాను. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కూడా ఆ కార్డు అడుగుతారట. మన దగ్గర లేని జబ్బుకి ఇంత హడావుడి ఎందుకు?

దోమల_మాస్టారు
మన దగ్గర లేదు కాబట్టే, బాబూ! ఆ జబ్బు మోసే దోమ మన ప్రతి వీధిలో ఉంది, వైరస్ ఒక్కటే రాలేదు. 2016లో అంగోలాలో ఎల్లో ఫీవర్ చెలరేగినప్పుడు అక్కడ పనిచేసే చైనావాళ్ళు 11 మంది జబ్బుతో స్వదేశం చేరారు. అది దోమల కాలం అయ్యుంటే ఏమయ్యేదో! ఈ కార్డు అగ్గిపెట్టెని గడ్డివాము దగ్గరికి రాకుండా ఆపడం లాంటిది. ఆ టీకా 1937 నాటిది, ఒక్క డోసు జీవితాంతం పనిచేస్తుంది. కార్డు మాత్రం వేసిన పది రోజుల తర్వాతే చెల్లుతుంది, టికెట్ తేదీ చూసుకోండి.

తెనాలి_రైతుబిడ్డ
మేము పొలాల మధ్య ఉంటాం. మాకు వేరే భయం ఉంది కదా, మెదడువాపు?

గుంటూరు_ల్యాబ్
అవును, జపనీస్ ఎన్‌సెఫలైటిస్. అది క్యూలెక్స్ జాతి దోమ, వరి మళ్ళలో పుడుతుంది, సాయంత్రం నుంచి కుడుతుంది. వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. మనిషి నుంచి దోమకి తిరిగి ఎక్కదు, అందుకే విమానంలో వెళ్ళదు. అయినా 2022లో ఆస్ట్రేలియాలో పందుల ఫారాల్లో బయటపడి అందర్నీ ఆశ్చర్యపరిచింది. దీనికి టీకా ఉంది. మీ ఏఎన్ఎంని అడగండి.

బ్రాడీపేట_కుర్రాడు
అందరికీ థ్యాంక్స్. లింకు అక్కకి పంపాను, నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన "ఎండ కూడా ఉందన్నారుగా" అని అంతవరకే పట్టుకున్నారు. అక్క ఒక్క మాట అడగమంది. ఎల్లో ఫీవర్‌కి ఒక్క డోసు జీవితాంతమైతే, డెంగ్యూకి ఇన్నేళ్ళూ ఎందుకు కుదరలేదు? పిల్లలకి వేయించాలని చూస్తోంది.

గుంటూరు_ల్యాబ్
నాలుగు రకాలకీ ఒకేసారి, ఒకే స్థాయిలో రక్షణ రావాలి. సగం సగం వస్తే నర్స్ అక్క చెప్పిన రెండోసారి ప్రమాదాన్ని మనమే కొనితెచ్చుకున్నట్టు. ఫిలిప్పీన్స్‌లో అదే జరిగింది. 2016 నుంచి డెంగ్వాక్సియా అనే టీకాని 8 లక్షల మందికి పైగా పిల్లలకి వేశారు. ముందెప్పుడూ డెంగ్యూ రాని పిల్లలకి అది వేస్తే, తర్వాత వచ్చే జబ్బు తీవ్రంగా ఉండొచ్చని 2017 నవంబరులో తయారీదారే ప్రకటించాడు. జనానికి మిగతా టీకాల మీద కూడా నమ్మకం పోయింది. తర్వాత వచ్చిన క్యూడెంగాకి యూరప్‌లో అనుమతి ఉంది, ముందు డెంగ్యూ వచ్చిందా లేదా అని పరీక్ష అడగదు. అక్కగారు అక్కడి డాక్టర్‌ని సంప్రదించడం మేలు.

మన దేశంలో ఐసీఎంఆర్, పనేసియా బయోటెక్ కలిసి చేస్తున్న డెంగీఆల్ ఒక్క డోసు టీకా. మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో మొదలైంది, 10 వేల మందికి పైగా వాలంటీర్లు. ఒక్కొక్కర్నీ రెండేళ్ళు గమనిస్తారు. ఫిలిప్పీన్స్ తర్వాత ఎవరూ తొందరపడరు, పడకూడదు కూడా.

టైర్ల_కొట్టు_ఆటోనగర్
మాస్టారూ, మధ్యలో వస్తున్నాను. టైర్లు షెడ్డులోకి మార్చడానికి చోటు లేదు. పట్టా కప్పితే చాలా?

దోమల_మాస్టారు
పట్టా కప్పితే దాని మడతల్లోనే నీళ్ళు నిలుస్తాయి. కప్పితే వాలుగా, తాడు బిగించి కప్పండి. తుక్కుకి పోయే టైర్లయితే అడుగున డ్రిల్లుతో చిల్లులు పెట్టండి. అమ్మే టైర్లలో నీళ్ళు వంపి ఊరుకోవద్దు, గుడ్లు లోపలి గోడకి అంటుకునే ఉంటాయి, గట్టి బ్రష్షు పెట్టి రుద్దించండి. ప్రతి శుక్రవారం ఒక కుర్రాడికి ఆ పని అప్పజెప్పండి. మీది ఆటోనగర్‌లో ఎన్నో రోడ్డు? వీలైతే వచ్చి చూస్తాను.